మోటారు మళ్లీ మళ్లీ కాలుతోందా? పంపులో ‘నీటి తోపుడు’ చూడండి

బోరు మోటారు కాలిపోగానే రైతు ముందుగా తిట్టేది కరెంటును. లో వోల్టేజి, ఒక ఫేజు పోవడం మోటార్లకు చేటు చేసే మాట నిజమే. అయితే కొత్తగా వైండింగు చుట్టించి దించిన మోటారు ఒక్క పంటకాలమైనా నడవకుండా మళ్లీ కాలితే నెపం కరెంటు మీద వేసి ఊరుకోకూడదు. పంపులోని నీరే షాఫ్టును ఒకవైపుకు బలంగా నెడుతుంటుంది. దీన్ని ఇంజనీర్లు యాక్సియల్ థ్రస్ట్ అంటారు. మన వాడుకలో ‘నీటి తోపుడు’ అనుకుందాం. ఈ తోపుడు తూకం తప్పితే ఎన్నిసార్లు వైండింగు చుట్టించినా డబ్బు దండగే. చేను గింజ పోసుకునే వేళ నాలుగు రోజులు నీరు ఆగితే ఆ నష్టం వైండింగు ఖర్చుకు ఎన్నో రెట్లు ఉంటుంది.

తోపుడు ఎలా పుడుతుంది?

సబ్‌మెర్సిబుల్ పంపుసెట్టులో మోటారు కింద, పంపు పైన ఉంటాయి. రెండింటి నడుమ ఉన్న జాలీ గుండా నీరు లోపలికి వస్తుంది. ఇంపెల్లరు నోరు కిందివైపుకు ఉంటుంది. ఇంపెల్లరు తిరిగి నీటిని అంచులకు విసిరితే పీడనం పెరుగుతుంది. ఆ నీరు ఇంపెల్లరు పై పలకనూ, కింది పలకనూ కూడా నొక్కుతుంది. రెండువైపులా సమానంగా నొక్కితే పేచీ లేదు. కానీ కిందివైపు మధ్యలో నోరు ఉంది కదా! అక్కడి నీటికి ఇంకా పీడనం రాలేదు. అందుకే పైనుంచి నొక్కే బలం ఎక్కువ, కిందనుంచి ఆనుకునే బలం తక్కువ అవుతుంది. ఒకవైపే నిండుకుండ కట్టిన కావడిలా షాఫ్టు మొత్తం కిందికి వాలుతుంది.

చిన్న లెక్క చూద్దాం. 10 మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో చొప్పున నొక్కుతుంది. ఒక్కో స్టేజీ నీటిని 10 మీటర్లు ఎత్తుతుందనుకోండి. ఇంపెల్లరు నోరు అడ్డుకొలత 5 సెంటీమీటర్లు, షాఫ్టు 2 సెంటీమీటర్లు అయితే తేడా పడే జాగా 16 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. అంటే స్టేజీకి దాదాపు 16 కిలోలు, 10 స్టేజీలకు 160 కిలోలు. ఇంపెల్లరు పక్కనున్న నీరు కూడా తిరుగుతుంటుంది కాబట్టి అసలు బలం ఇందులో కొంత తగ్గుతుంది. ఎంత తగ్గించి చూసినా 75 కిలోల ధాన్యం బస్తాలు ఒకటిన్నర షాఫ్టు నెత్తిన పెట్టినట్టే! అదీ నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరిగే షాఫ్టు మీద.

ఈ బరువంతా మోసేది మోటారు అడుగున ఉండే థ్రస్ట్ బేరింగు. నీరు నింపే మోటార్లలో సాధారణంగా కార్బన్ పలక, దానికి ఆనుకుని నున్నటి స్టీలు ముక్కలు ఉంటాయి. తిరిగేటప్పుడు రెండింటి నడుమ పలుచని నీటి పొర ఏర్పడి, బరువును ఆ పొరే మోస్తుంది. ఇలా కొద్దిగా వాలే ముక్కల బేరింగుకు ఆస్ట్రేలియా ఇంజనీరు మిచెల్ 1905లో పేటెంటు పొందారు. అమెరికాలో కింగ్స్‌బరీ విడిగా ఇదే పని చేసి 1910లో పేటెంటు పొందారు. పెద్ద జలవిద్యుత్ కేంద్రాల్లోనూ, మన బోరు మోటారులోనూ పనిచేసే సూత్రం ఒక్కటే.

నీటితోనే నీటికి తూకం

బేరింగును ఎంతకని లావు చేస్తారు? అందుకే పంపు చేసేవాళ్లు తోపుడునే తగ్గించే ఉపాయాలు పన్నారు. మొదటిది, ఇంపెల్లరు వెనుక పలకకు షాఫ్టు దగ్గరగా చిన్న రంధ్రాలు వేయడం. వెనుకవైపు కూడా నోటి కొలతకు సరిపోయే నెక్ రింగు పెడతారు. ఆ రింగు లోపలికి చేరిన నీరు రంధ్రాల గుండా తిరిగి నోటివైపుకు జారుకుంటుంది. దాంతో వెనుక పీడనం పడిపోయి రెండువైపులా దాదాపు సమానమవుతుంది. ఇందుకు కొంత నీరు లోలోపలే తిరిగి వృథా అవుతుంది. అది బేరింగును కాపాడుకోవడానికి కట్టే కిరాయి అనుకోవాలి. అయినా తోపుడు మొత్తం పోదు, కొంత మిగులుతుంది.

రెండో పద్ధతిలో ఇంపెల్లరు వీపున చిన్న రెక్కలు పోస్తారు. అవి వెనుక చేరిన నీటిని బయటికి చిమ్మి పీడనాన్ని తగ్గిస్తాయి. మూడోది, రెండువైపులా నోరున్న ఇంపెల్లరు. నీరు కుడి నుంచీ, ఎడమ నుంచీ సమానంగా రావడంతో తోపుడు దానంతటదే రద్దవుతుంది. ఎక్కువ నీరు తోడాల్సిన చోట అడ్డంగా కూర్చునే పెద్ద పంపుల్లో ఇది కనిపిస్తుంది.

అనేక స్టేజీలున్న భారీ పంపుల్లో చివరి ఇంపెల్లరు వెనుక షాఫ్టుకు ఒక బిళ్ల బిగిస్తారు. దీన్ని బ్యాలెన్స్ డిస్క్ అంటారు. ఎక్కువ పీడనం ఉన్న నీరు బిళ్లను తోపుడుకు ఎదురుగా నెడుతూ, సన్నని సందు గుండా బయటికి పోతుంది. షాఫ్టు తోపుడువైపు జరిగితే సందు ఇరుకై, పీడనం పెరిగి వెనక్కి నెడుతుంది. అటు ఎక్కువ జరిగితే సందు వెడల్పై పీడనం తగ్గుతుంది. ఎవరూ ముట్టకుండానే షాఫ్టు తన చోట నిలబడుతుంది. అయితే ఇసుక నీళ్లు తగిలితే ఈ బిళ్ల ఎంతోకాలం నిలవదు.

బోరు పంపులన్నిటికీ ఈ ఏర్పాట్లు ఉండవు. కొన్నింటిలో బరువంతా థ్రస్ట్ బేరింగుకే వదిలేస్తారు. చిన్న బోర్లలో దించే కొన్ని పంపుల్లో ప్లాస్టిక్ ఇంపెల్లర్లు పైకీ కిందికీ కదిలేలా ఉంటాయి. వాటి తోపుడును ఏ స్టేజీకి ఆ స్టేజీలోని వాషర్లే మోస్తాయి. అందుకని రంధ్రాలు లేవు కదా అని డ్రిల్లింగు మిషనుతో సొంతంగా వేయకూడదు. రంధ్రాలున్న ఇంపెల్లరుకు ‘నీరు లీకవుతోంది’ అని వాటిని మూయనూకూడదు.

తూకం ఎలా తప్పుతుంది?

తూకానికి మొదటి శత్రువు ఇసుక. వెనుక నెక్ రింగు అరిగితే రంధ్రాలు పంపగలిగిన దానికంటే ఎక్కువ నీరు లోపలికి చొరబడుతుంది. పీడనం మళ్లీ పెరిగి తోపుడు ఎక్కువవుతుంది. బేరింగు అరిగితే షాఫ్టు కిందికి దిగుతుంది, ఇంపెల్లర్లు బౌలుకు రాసుకుంటాయి. మోటారు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది, చివరికి వైండింగు కాలుతుంది. పైకి కనిపించేది కాలిన వైండింగే. రోగం మాత్రం రింగు దగ్గర మొదలైంది!

నీటిమట్టం పడిపోయి అదే పంపును ఇంకా లోతుకు దించినా పీడనం పెరిగి, నీరు తగ్గి, తోపుడు ఎక్కువవుతుంది. గేటు వాల్వు దాదాపు మూసి నడిపినా అంతే. ఇందుకు పూర్తి విరుద్ధమైనది ఇంకోటుంది. హెడ్డు ఎక్కువ ఉన్న పంపును తక్కువ లోతులో వాడితే నీరు మితిమీరి వస్తుంది. నోట్లోకి దూసుకొచ్చే నీటి జోరుకు ఇంపెల్లర్లు పైకి లేస్తాయి. పై తోపుడును మోయడానికి మోటారులో ఉండేది చిన్న బేరింగే కాబట్టి అది త్వరగా పాడవుతుంది. ‘ఎక్కువ హెడ్డు పంపు ఉంటే మంచిదేలే’ అనుకోవడం సరికాదు.

రైతులు గమనించాల్సినవి

పంపు కొనేముందు బోరులో నీటిమట్టం, పైపుల పొడవు కొలిచి, నేమ్ ప్లేటు మీది హెడ్డు పరిధికి సరిపోతుందో లేదో చూసుకోవాలి. పంపుసెట్టుకు ఐఎస్ 8034, మోటారుకు ఐఎస్ 9283 ప్రమాణాలున్నాయి. ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోవాలి.

నీరు నింపే మోటారును దించేముందు కంపెనీ చెప్పిన విధంగా శుభ్రమైన నీటితో, లోపల గాలి మిగలకుండా నింపాలి. ఆ నీరే బేరింగుకు నూనె లాంటిది.

ఖాళీ పైపుతో మోటారు ఆన్ చేస్తే ఎదురు పీడనం లేక ఇంపెల్లర్లు పైకి లేస్తాయి. నాన్ రిటర్న్ వాల్వు మంచి స్థితిలో ఉంటే పైపులో నీరు నిలిచి ఈ బాధ తప్పుతుంది. వాల్వు పాడైతే ఆపినప్పుడు కిందికి జారే నీరు పంపును వెనక్కి తిప్పుతుంది. ఆ సమయంలో మోటారు ఆన్ అయితే షాఫ్టు విరిగే ప్రమాదం ఉంది. ఆటో స్టార్టరు వాడేవాళ్లు కరెంటు వచ్చాక కాస్త ఆలస్యంగా ఆన్ అయ్యే టైమరు పెట్టించుకోవాలి.

పంపు కొత్తగా దించిన రోజున అమ్మీటరు ఎంత చూపిందో ప్యానెల్ బోర్డు తలుపు మీద రాసి పెట్టుకోండి. వోల్టేజి మామూలుగానే ఉండి ఆంపియర్లు పెరుగుతూ, నీటిధార తగ్గుతుంటే లోపల ఏదో రాసుకుంటున్నట్టే. కాలిపోయేదాకా ఆగకుండా పైకి తీయించాలి.

మోటారు రిపేరుకు వెళ్లినప్పుడు వైండింగుతోనే సరిపెట్టవద్దు. దగ్గరుండి మూడు అడగండి: థ్రస్ట్ బేరింగు పలక నున్నగా ఉందా, గాట్లు పడిందా? షాఫ్టు పైకీ కిందికీ ఎంత ఆడుతోంది, కంపెనీ చెప్పిన కొలతలో ఉందా? నెక్ రింగులు ఎంత అరిగాయి? ఇంపెల్లరు మార్చాల్సి వస్తే పాతదానికి రంధ్రాలు, వెనుక రింగు ఉంటే కొత్తదానికీ ఉన్నాయో లేదో రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మోటారును మళ్లీ బోరులోకి దించాలో వద్దో ఈ మూడింటికీ జవాబు తెలిశాకే తేల్చుకోవాలి.