డాలస్ ఎంత దూరం? ఎన్ని గంటలు?

సందేహం: మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. హైదరాబాద్ నుంచి అక్కడికి 14,400 కిలోమీటర్లట. విమానం గంటకు 900 కిలోమీటర్లు పోతుందంటారు. ఆ లెక్కన పదహారు గంటలు చాలు. టికెట్ మీద ఇరవై మూడు గంటలని ఎందుకుంది?
– ఓ పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీ లెక్క సరైనదే. కాకపోతే 14,400 అన్నది గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి కొలిచిన దూరం. డాలస్ మనకు దాదాపు భూమికి అవతలి పక్కన ఉంది కాబట్టి ఆ దారం ఉత్తర ధ్రువానికి దగ్గరగా పోతుంది. ఆ దారిలో హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దోహాలో మారితే అక్కడిదాకా సుమారు 2,900, అక్కణ్ణుంచి డాలస్‌కు 12,700 పైచిలుకు కిలోమీటర్లు. నాలుగు గంటలొకటి, పదహారు గంటలొకటి, మధ్యలో మూడు గంటల నిరీక్షణ. మీ ఇరవై మూడూ అదే.

సందేహం: భూమి తూర్పుకు తిరుగుతోంది కదా, పడమటికి వెళ్లేటప్పుడే త్వరగా చేరాలి. మాకేమో తిరుగు ప్రయాణమే గంటన్నర తక్కువ పట్టింది.
– ఓ పాఠకురాలు, వరంగల్

సమాధానం: చాలామందికి వచ్చే అనుమానమే ఇది. భూమితో పాటు దాని చుట్టూ ఉన్న గాలి కూడా తిరుగుతుంది. ఆ గాలిలో ఎగిరే విమానానికి భూభ్రమణం వల్ల కలిసొచ్చేది లేదు. తేడా తెచ్చేది జెట్ స్ట్రీమ్. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు ఉరకలేసే గాలి అది. చలికాలంలో ఒక్కోసారి గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. డాలస్ నుంచి వచ్చేటప్పుడు అది వెనక నుంచి తోస్తుంది, వెళ్లేటప్పుడు ఎదురొస్తుంది.

ఈ గాలి బలం తెలియాలంటే ఎయిరిండియా ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని చూడాలి. మొదట అట్లాంటిక్ మీదుగా నడిపేవారు. 2016 అక్టోబరులో పసిఫిక్ వైపు మళ్లించారు. దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగి 15,300 అయింది. అయినా వెనకగాలి పుణ్యాన పద్నాలుగున్నర గంటల్లోనే దిగింది. దూరం పెరిగి సమయం తగ్గడం నాకైతే ఇప్పటికీ అబ్బురమే.

సందేహం: తెల్లవారుజామున 4కు ఎక్కి అదేరోజు సాయంత్రం 4:30కు దిగుతామని టికెట్‌లో ఉంది. పన్నెండున్నర గంటల ప్రయాణమేనా? షుగరు మందులు ఎలా వేసుకోవాలి?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

సమాధానం: కాదమ్మా, ఇరవై మూడు గంటలే. టికెట్‌లో ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. డాలస్ గడియారం మనకంటే పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నరే.

మందుల వేళలు ఎలా మార్చుకోవాలో బయల్దేరేముందే మీ డాక్టరుతో రాయించుకోండి. మందులు చేతిసంచిలోనే ఉంచుకోండి, పెద్ద సూట్‌కేసులో వద్దు. విమానంలో అప్పుడప్పుడూ లేచి నాలుగడుగులు వేయండి.

టికెట్ కొనే పిల్లలకూ ఒక మాట. నాలుగు వేలు తగ్గుతాయని అమ్మానాన్నలకు గంటన్నర వ్యవధిలో విమానం మారే టికెట్ కొనకండి. మూడు గంటలైనా ఉండాలి. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. వీల్‌చెయిర్ కావాలని బుకింగ్ అప్పుడే చెప్పండి.