ప్లేటుకు తగ్గ ముల్లు

టర్న్‌టేబుల్ కొన్న పిల్లలు గుంటూరు నుంచీ ఒంగోలు నుంచీ వచ్చి "బాబాయ్, ఏ కార్ట్రిడ్జ్ మంచిది?" అని అడుగుతుంటారు. ఇన్నేళ్లుగా ముళ్లు మారుస్తూ వింటున్నందుకు నాకు తెలిసినవి వరసగా చెబుతాను.

1. ముందు బీరువా తెరవండి. మన వైపు ఇళ్లలో దొరికే రికార్డులు ఒక రకం కాదు. తాతల నాటి 78 ప్లేట్లు ఉంటాయి: సుద్దపల్లి బిడ్డ ఈలపాట రఘురామయ్య గారి పద్యాల్లాంటివి. సినిమా పాటల ఈపీలు, మోనో ఎల్పీలు ఉంటాయి. ఆ తర్వాత వచ్చిన స్టీరియో ఎల్పీలు ఉంటాయి. 78 గాడికి ముల్లు మొన వ్యాసార్ధం 65 నుంచి 75 మైక్రాన్లు ఉండాలి. మోనో ఎల్పీకి 25, స్టీరియోకి 18 చాలు. మీ దగ్గర ఏవి ఎక్కువున్నాయో లెక్క తేలేదాకా డబ్బు బయటికి తీయొద్దు.

2. 78 ప్లేటు మీద ఎల్పీ ముల్లు పెట్టొద్దు. పెద్ద కాలవలో గులకరాయి దొర్లినట్టు అది గాడి అడుగున కొట్టుకుంటుంది. పాట ఉన్నది పక్క గోడల్లో, అడుగున ఉన్నది దుమ్ము. మీకు వినిపించే బరబరలో సగం ప్లేటు తప్పు కాదు, ముల్లుదే. బాగా పాడైపోయిందని అటక మీదికి ఎక్కించిన ప్లేట్లు సరైన మొన పెట్టగానే పద్యం తేటగా పలకడం నేను చాలా ఇళ్లలో చూశాను. దయచేసి వాటిని పాతసామాన్ల వాళ్లకు వేయకండి.

3. అరిగిన గాడిలో అరగని చోటు ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే మీ సరదా స్వరూపమే మారిపోతుంది. మన ఊళ్లలో ప్లేట్లు పెళ్లిళ్లలో, తిరునాళ్లలో మైకుసెట్ల మీద తిరిగాయి. ఆనాటి పికప్పుల బరువు ఎక్కువ, మొన గుండ్రం. అది గాడి గోడను ఒకే ఎత్తులో ఒరుసుకుంటూ పోయింది. మీరు కూడా అదే కొలత గుండ్రటి ముల్లు పెడితే సరిగ్గా ఆ అరిగిన చోటే ఆనుతుంది, గరగర మళ్లీ మొదలు. కాస్త పైనో కిందో ఆనే మొన కావాలి. మోనో ఎల్పీ అయితే 18 బదులు 25 మైక్రాన్ల మొన వేసి చూడండి, అది గాడిలో కొంచెం పైన కూర్చుంటుంది. లేదా షిబాటా, మైక్రోలైన్ లాంటి సన్నటి మొనలు వేయండి. అవి గోడకు నిలువునా పొడుగ్గా ఆనుతాయి కాబట్టి పాత ముల్లు తాకని భాగం కూడా చదువుతాయి. షిబాటా మొనను 1970ల మొదట్లో జపాన్‌లో నాలుగు చానళ్ల రికార్డుల కోసం తయారుచేశారు. ఇవాళ అది మన పెళ్లి పందిళ్లలో అరిగిన ప్లేట్లకు పనికొస్తోంది. ఏ మొన కుదురుతుందో చెవితో తేల్చుకోవాల్సిందే. ఒకే పాటను రెండు ముళ్లతో వెంటవెంటనే వినండి.

4. మోనో రికార్డుకు మోనో బటన్ నొక్కండి. మోనో గాడిలో పాట అడ్డంగానే ఉంటుంది. స్టీరియో కార్ట్రిడ్జ్ పైకీ కిందికీ ఊగడాన్ని కూడా చదువుతుంది, ఆ ఊగడంలో ఉన్నదంతా చప్పుడే. రెండు చానళ్లూ కలిపితే అది చాలామటుకు పోతుంది. ఆంప్లిఫయర్‌కు ఆ బటన్ ఉంటే కొత్త కార్ట్రిడ్జ్ ఆలోచన తర్వాత చేయొచ్చు.

5. డబ్బు ముల్లు మీద పెట్టండి. ముల్లు ఊడదీసి మార్చుకునే మూవింగ్ మాగ్నెట్ రకమే మొదట కొనండి. ఆడియో టెక్నికా వీఎం 95 వరసలో బాడీ ఒక్కటే. గుండ్రటి మొన నుంచి షిబాటా దాకా, 78 ముల్లుతో సహా, అన్నీ దానికే తగులుతాయి. ఆర్టోఫాన్ టూఎం రెడ్ కొన్నవాళ్లు తర్వాత బ్లూ ముల్లు తగిలించుకోవచ్చు. మన అవసరాలకు ఇంతకంటే వీలైనది నాకు కనపడలేదు. జపాన్ రేడియో ఎన్‌హెచ్‌కే కోసం 1960లలో రూపొందిన డెనాన్ డీఎల్ 103 గొప్పదే, దాంట్లో గొంతు నిండుగా పలుకుతుంది. కానీ అది మూవింగ్ కాయిల్. అది ఇచ్చేది మిల్లీవోల్టులో మూడో వంతు కూడా ఉండదు, దానికి వేరే ఆంప్లిఫికేషన్ కావాలి, బరువైన ఆర్మ్ కావాలి. అరిగాక ముల్లు మీరు మార్చుకోలేరు. ష్యూర్ కంపెనీ 2018లో కార్ట్రిడ్జ్‌లు ఆపేసింది, వాటి పేరుతో దొరికే ముళ్లలో నకిలీలు ఎక్కువ, చూసుకోండి.

పాత హెచ్ఎంవీ ఫియెస్టా రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్లకు ఒక మాట. దాని ఆర్మ్ సిరామిక్ కార్ట్రిడ్జ్ కోసం చేసింది. అందులో మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ ఇరికిస్తే పలకదు. దానికి ఫోనో ప్రీఆంప్ కావాలి, ఆ ఆర్మ్ బరువు అంత సన్నటి ముల్లు మోయలేదు. సిరామిక్కే కొత్తది వేయించి, మంచి ఎల్పీలను దాని మీద వేయకుండా ఉంచుకోండి.

6. బరువు మరీ తగ్గించొద్దు. తేలిగ్గా పెడితే రికార్డు అరగదనుకుంటారు. చాలని బరువుతో ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతుంది, గోడలు దెబ్బతినేది అక్కడే. కంపెనీ 1.8 నుంచి 2.2 గ్రాములని చెబితే 2 దగ్గర మొదలుపెట్టండి. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి, ఆర్మ్ మీది అంకెలను నమ్మొద్దు.

7. మన ఎండ, మన దూది, మన కారం. రెంటచింతల ఎండ పేపర్లలో చదివే ఉంటారు. ముల్లు ఊగే చోట చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. వేడికి అది మెత్తబడుతుంది, ఏళ్లు గడిస్తే గట్టిపడుతుంది. డబ్బా తెరవని పాత స్టాకు అని మురిసిపోయి కొనకండి, లోపల రబ్బరు ముసలిదై ఉంటుంది. క్రిస్టల్ పికప్పుల్లో ఉండే రోషెల్ లవణానికి తేమ, వేడి రెండూ పడవు. చీరాల, బాపట్ల గాలికి అవి మూగబోవడంలో వింతేమీ లేదు.

జిన్నింగ్ మిల్లులు తిరిగే రోజుల్లో ఒక పక్క పాట అయ్యాక ముల్లును టార్చిలైటు వేసి చూడండి. మొన చుట్టూ తెల్లటి నూగు ఉండలా చుట్టుకుని ఉంటుంది. గాడిలోని దుమ్ముతో కలిసి ఒక్కోసారి మొనను పైకి లేపేస్తుంది, పాట మసకబారుతుంది. సన్నటి బ్రష్షుతో వెనక నుంచి ముందుకే, అంటే రికార్డు తిరిగే వైపే, తుడవాలి. పక్కలకు తుడిస్తే మొనను పట్టుకుని ఉండే సన్నటి కడ్డీ, అంటే కాంటిలీవర్, వంగుతుంది. వేలితో ఎప్పుడూ తాకొద్దు. మిర్చి దంచిన రోజు ఆ గదిలో రికార్డు బయటికి తీయకుండా ఉంటే మరీ మేలు.

8. మార్చేటప్పుడు తొందర వద్దు. ఆంప్లిఫయర్ ఆపండి. ముల్లుకు తొడుగు ఉంచండి. నాలుగు వైర్లూ చిన్న పట్టకారుతో పట్టుకుని లాగండి. తెలుపు ఎడమ, నీలం దాని గ్రౌండు. ఎరుపు కుడి, ఆకుపచ్చ దాని గ్రౌండు. హెడ్‌షెల్ ఊడే ఆర్మ్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 78కి ఒకటి, మోనోకి ఒకటి, స్టీరియోకి ఒకటి అమర్చి పెట్టుకోవచ్చు. ఒక్కో హెడ్‌షెల్ మీద దాని బరువు, ఆర్మ్ ఎత్తు చీటీ రాసి అంటించండి.

9. అమర్చాక రికార్డు చివరి పాటతో పరీక్షించండి. లోపలికి పోయేకొద్దీ గాడి సాగే వేగం తగ్గుతుంది, తప్పులు బయటపడేది అక్కడ. చాలామంది వాడే బేర్‌వాల్డ్ లెక్కలో ముల్లు గాడికి సరిగ్గా సమాంతరంగా ఉండేది రెండు చోట్లే, కేంద్రం నుంచి 66, 120.9 మిల్లీమీటర్ల దగ్గర. ప్రోట్రాక్టర్ కాగితం ఈ రెండింటికే. నా పరీక్ష మన కరవది షేక్ చిన్నమౌలానా గారి నాదస్వరం. 1924లో అక్కడ పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ ఆ మహానుభావుడి పైస్థాయి స్వరం లోపలి గాడిలో చీలకుండా నిలిచిందంటే అమరిక కుదిరింది. చీలితే స్క్రూలు వదులు చేసి, కార్ట్రిడ్జ్‌ను అర మిల్లీమీటరు జరిపి, అదే పాట మళ్లీ వేయండి.