మాత్రల లెక్క - లూపు పాఠం

కంప్యూటర్ ప్రోగ్రామింగు నేర్చుకొనే విద్యార్థికి తొలి దినాలలోనే ఎదురయ్యేవి లూపులు, సంఖ్యానుక్రమాలకు సంబంధించిన అభ్యాసాలు. లూపు అనగా కొన్ని ఆదేశాలను కోరినన్ని పర్యాయాలు తిరిగి తిరిగి అమలు జరిపించే విధానం. ఈ దశలో చిక్కుపడి ఇతరుల సహాయం కోరని విద్యార్థి అరుదు. ఎట్టి సహాయం కోరాలి, ఎట్టి సహాయం చేయాలి అన్నదే ఆలోచించదగిన విషయం.

పాఠ్యగ్రంథాలలో తరచుగా కనిపించే ఫిబొనాచి సంఖ్యలనే ఉదాహరణగా తీసుకొనవచ్చు. వీటి మూలం మన ఛందశ్శాస్త్రంలోనూ ఉన్నది. లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలని తెలుగు విద్యార్థులకు తెలిసినదే. నాలుగు మాత్రల కాలాన్ని గురు లఘువులతో ఎన్ని విధాల నింపవచ్చు? రెండు గురువులు ఒక విధం, ఒక గురువు, రెండు లఘువులు మూడు విధాలు, నాలుగు లఘువులు ఒక విధం, వెరసి 5. చివరి అక్షరం లఘువైతే దానికి ముందు మూడు మాత్రలు, గురువైతే రెండు మాత్రలు మిగులుతాయి. కనుక మూడు మాత్రల విధాలు 3, రెండు మాత్రల విధాలు 2 కలిపితే 5 వస్తుంది. ఈ రీతిగా 1, 2, 3, 5, 8, 13 అనే అనుక్రమం ఏర్పడుతుంది.

ప్రాకృతంలో ఛందోగ్రంథం రచించిన విరహాంకుడు ఈ నియమాన్ని గుర్తించాడు. గుజరాత్‌కు చెందిన జైన పండితుడు హేమచంద్రుడు 1150 ప్రాంతంలో దీనిని వివరించాడు. ఇటలీలోని పీసా నగరవాసి ఫిబొనాచి కుందేళ్ల సంతతి లెక్కగా దీనిని తన గ్రంథంలో చేర్చినది 1202లో.

ఇక ప్రోగ్రాము. 'ముందుది', 'ప్రస్తుతం' అనే రెండు చలరాశులకు 1, 2 అనే విలువలు ఇవ్వాలి. లూపులో ప్రతి పర్యాయం ఆ రెండింటి మొత్తాన్ని 'కొత్తది'లో ఉంచి, 'ప్రస్తుతం' విలువను 'ముందుది'కి, 'కొత్తది' విలువను 'ప్రస్తుతం'కు మార్చాలి. విద్యార్థి 'కొత్తది' అనవసరమని భావించి, మొత్తాన్ని నేరుగా 'ప్రస్తుతం'లో ఉంచి, పిదప దానినే 'ముందుది'కి ఇచ్చాడనుకొందాం. అప్పుడు 1, 2, 3, 6, 12, 24 వస్తాయి. మూడవ సంఖ్య సరిగానే ఉండుటచే దోషం వెంటనే కంటబడదు. పాత విలువ చెరిగిపోయిన తరువాత దానిని వాడబోవడమే ఇందలి పొరపాటు.

పర్యాయాల లెక్కలోనూ తప్పు దొర్లవచ్చు. ఆరు మాత్రల విధాలు కావలసినప్పుడు లూపు ఆరుమార్లు తిరిగితే 13కు బదులు 34 వస్తుంది. అది ఎనిమిది మాత్రల లెక్క. మొదటి రెండు సంఖ్యలు ముందే ఇచ్చినందున నాలుగు పర్యాయాలే చాలు.

ఇట్టి సమయంలో సరియైన ప్రోగ్రామును వ్రాసి ఇచ్చుట సులభం. కాని దానిని నకలు చేసిన విద్యార్థి మరుసటి అభ్యాసం వద్ద మరల అక్కడనే నిలిచిపోతాడు. మంచి ఉపాధ్యాయుడు కాగితంపై ఒక పట్టిక గీయించి, ప్రతి పర్యాయంలో ఒక్కొక్క చలరాశి విలువను విద్యార్థి చేతనే వ్రాయిస్తాడు. రెండవ వరుసలో 5 ఉండవలసిన చోట 6 కనిపించగానే కారణం విద్యార్థికే స్ఫురిస్తుంది.

సహాయం కోరేవారికి కూడా ఒక బాధ్యత ఉన్నది. 'నా ప్రోగ్రాము పనిచేయుట లేదు' అన్న మాటతో ఎవరికీ ఏమీ తెలియదు. తాను వ్రాసినదేమి, ఆశించిన ఫలితమేమి, వచ్చిన ఫలితమేమి అన్న మూడు అంశాలను ముందుంచాలి. ఈ మూడింటిని క్రమంగా వ్రాసే ప్రయత్నంలోనే అనేక దోషాలు బయటపడతాయి.

కంప్యూటరు లేని కాలంలో ప్రాకృత, సంస్కృత ఛందోవేత్తలు కనుగొన్న నియమమే నేడు దేశమంతటా విద్యార్థులకు తొలి అభ్యాసమైనది. యంత్రం శీఘ్రంగా లెక్కిస్తుంది. ప్రతి సంఖ్య తన ముందటి రెండింటి నుండి ఎందుకు పుడుతున్నదో తెలుసుకొనవలసినవాడు మాత్రం విద్యార్థియే.