సైకిలుకి బాటిల్ స్టాండు కొనే ముందు మీ సీసా చూపించండి

పోయిన ఎండాకాలం మా మేనల్లుడు సైకిలుకి బాటిల్ స్టాండు కొనుక్కొచ్చాడు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ట్యూషనుకి రోజూ ఆరు కిలోమీటర్లు తొక్కాలి. లీటరు స్టీలు సీసాని సంచిలో పెడితే పుస్తకాలు తడుస్తున్నాయని వాడి బాధ. 280 రూపాయలు పోసి తెచ్చిన ఆ ప్లాస్టిక్ స్టాండు మూడోరోజే స్పీడ్ బ్రేకరు దగ్గర, క్లాంపు పక్కన పుటుక్కున విరిగింది. సీసా రోడ్డు మీద దొర్లింది. వెనక వస్తున్న స్కూటరాయన బ్రేకు వేయబట్టి సరిపోయింది. అదే సీసా ముందు చక్రంలో ఇరుక్కుని ఉంటే పిల్లవాడు హ్యాండిల్ మీదుగా ఎగిరి పడేవాడు. ఆ సంగతి తలుచుకుంటే మా అక్కకి ఇప్పటికీ గుండె దడే.

విరిగిన ముక్కలు పట్టుకుని షాపుకి వెళ్తే యజమాని, "అది ప్లాస్టిక్ సీసాలకి బాబూ, స్టీలు సీసా పెడితే విరగదా మరి?" అన్నాడట. వీడు మారు మాట్లాడకుండా తిరిగొచ్చేశాడు. రాగానే నన్నడిగాడు: "మామయ్యా, తప్పు నాదేనా?"

"కొనేటప్పుడు ఆయనకి ఏం చెప్పావురా?"

"సీసా చేత్తో పట్టుకునే వెళ్ళాను. ఇది పట్టే స్టాండు కావాలన్నాను. ఆయనే రెండు మూడు తీసి చూసి, ఇది బిగించాడు."

అయితే తప్పు వాడిది కాదు. సీసా చేత్తో పట్టుకుని వెళ్ళడమే చట్టం కళ్ళకి పెద్ద విషయం.

1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 16వ సెక్షను చాలామందికి తెలియదు. సరుకు ఫలానా పనికి పనికొస్తుందన్న హామీ అమ్మకంలో దానంతటదే ఉండదని ఆ సెక్షను మొదలవుతుంది. అంటే చూసుకుని కొనుక్కోవాల్సింది మనమే. కానీ వెంటనే మినహాయింపు ఇస్తుంది. ఆ సరుకు అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాడికి మన అవసరమేమిటో తెలియజేసి, అతని అనుభవాన్ని నమ్ముకుని కొన్నామని తెలిసేలా ఉంటే, ఆ సరుకు ఆ పనికి తగినదై తీరాలి. నోరు తెరిచి చెప్పాలని కూడా లేదు, సందర్భాన్ని బట్టి తెలిసినా చాలు. నీళ్ళ సీసా కౌంటరు మీద పెట్టి "దీనికి" అన్నాక అంతకన్నా ఏం చెప్పాలి? అదే మీరు లోపలికెళ్ళి, గోడకి వేలాడుతున్నవాటిలో రంగు నచ్చిందని ఒకటి లాక్కుని డబ్బులిచ్చి వచ్చేస్తే ఈ రక్షణ బాగా పలచబడుతుంది. "ఫలానా కంపెనీదే ఇవ్వండి" అని పేరు పట్టి అడిగినా అంతే.

ఈ సూత్రం వెనక నిజంగానే ఒక సీసా ఉంది. ఇంగ్లండులో 1903లో తీర్పు వచ్చిన ప్రీస్ట్ వర్సెస్ లాస్ట్ కేసు అది. ఒకాయన మందుల షాపులో కాపడం పెట్టుకునే వేడినీళ్ళ సీసా కొన్నాడు. మరిగే నీళ్ళు పోయొచ్చా అని అడిగితే, వేడినీళ్ళు పోయొచ్చు గానీ మరిగేవి వద్దన్నారు. కొద్దిరోజులకే అది పగిలి ఆయన భార్య ఒళ్ళు కాలింది. ఏ పనికో మాకు ప్రత్యేకంగా చెప్పలేదని షాపాయన వాదించాడు. వేడినీళ్ళ సీసాకి ఉన్నది ఒకటే పని, దాన్ని ఆ పేరుతో అడగడమంటే ఆ పని చెప్పినట్టే అని కోర్టు ఆ వాదన తోసేసింది. మన 1930 చట్టానికి మూలం బ్రిటిష్ వాళ్ళ 1893 చట్టమే. బాటిల్ స్టాండుకీ అదే వర్తిస్తుంది: మామూలు సీసాని మామూలు రోడ్డు మీద మోయడం దాని పుట్టుపని, అది చెప్పక్కర్లేదు. మీ సీసాలోనో సైకిల్లోనో ఏదైనా ప్రత్యేకత ఉంటే అది మాత్రం చెప్పి తీరాలి.

ఆ ప్రత్యేకతలేమిటో ఇంట్లోనే చూసుకోవచ్చు. ముందు సైకిలు ఫ్రేము చూడండి. గేర్ల సైకిళ్ళకి చాలావాటికి కింది వాలు రాడ్డు మీద రెండు బోల్టులు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం సాధారణంగా 64 మిల్లీమీటర్లు, బోల్టు లావు 5 మిల్లీమీటర్లు. అవి ఉంటే స్టాండు నేరుగా ఫ్రేముకి బిగుస్తుంది, గట్టిగా నిలుస్తుంది. పాలవాళ్ళూ పేపరు వాళ్ళూ తొక్కే పాతకాలం నల్ల సైకిలుకి ఆ బోల్టులు ఉండవు, క్లాంపుతో బిగించేదే దిక్కు. అప్పుడు రాడ్డు లావు కొలిచి చెప్పాలి. తర్వాత సీసా. నడుముకి దారం చుట్టి కొలవండి. 23 సెంటీమీటర్లు వస్తే మామూలు సైకిలు స్టాండులో సరిగ్గా కూర్చుంటుంది, ఎందుకంటే అవి 73, 74 మిల్లీమీటర్ల అడ్డకొలత సీసాల కోసం చేసినవి. అంతకన్నా సన్నమైతే గలగలమంటూ ఎగిరిపోతుంది, లావైతే స్టాండు కొమ్ములు సాగి విరుగుతాయి. ఇక బరువు. లీటరు నీళ్ళే కిలో, దానికి స్టీలు బరువు అదనం. గుంతలో పడ్డప్పుడల్లా ఆ బరువంతా క్లాంపు దగ్గరే గుంజుతుంది. పిల్లల సైకిలుకి హ్యాండిల్ మీద బరువైన సీసా తగిలించే స్టాండు నేనైతే కొనను, మలుపులో హ్యాండిల్ ఒక పక్కకి లాగుతుంది.

ఇప్పుడు కాగితం సంగతి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. జీఎస్టీ నమోదున్న షాపువాళ్ళకి 200 రూపాయల లోపు సరుకు మీద మనం అడక్కపోతే విడి బిల్లు ఇవ్వనక్కర్లేదన్న వెసులుబాటు ఉంది, అడిగితే ఇవ్వాల్సిందే. లోపమున్న సరుకుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం కూడా అనుచిత పద్ధతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న ముద్ర లోపమున్న సరుకు విషయంలో చెల్లదు. మా వాడి దగ్గర బిల్లు లేదు, ఫోన్‌పే చేసిన రికార్డు మాత్రం ఉంది. తేదీ, మొత్తం, షాపు పేరు అందులో ఉన్నాయి కాబట్టి సాక్ష్యంగా అది పనికొస్తుంది. సరుకు ఏమిటన్నది మాత్రం అందులో ఉండదు. అందుకే బిల్లు కావాలంటాను.

ప్యాకెట్టు అట్టముక్క పారేయకండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఫిర్యాదు చెయ్యాల్సిన నంబరు దాని మీద ఉండాలి. మోయగల బరువో, పట్టే సీసా సైజో రాసి ఉంటే అదీ మీకు ముఖ్యమే. సరుకులోని లోపం వల్ల దెబ్బలు తగిలితే తయారీదారు అజాగ్రత్త రుజువు చెయ్యకుండానే పరిహారం అడగొచ్చు. సరిగ్గా ఎలా వాడాలో చెప్పకపోవడం, ప్రమాదం గురించి హెచ్చరించకపోవడం కూడా 2019 చట్టంలో బాధ్యతకి కారణాలే. పేరూ ఊరూ లేని విడి సరుకు అమ్మితే, తయారీదారు ఎవరో తేలనప్పుడు ఆ బాధ్యత అమ్మినవాడి మీద పడుతుంది. మన వైపు కూడా ఒక షరతుంది. క్లాంపుకి మనమే ఇంకో రంధ్రం వేసి, తీగ చుట్టి వాడి ఉంటే పరిహారం దక్కడం కష్టం.

ఆన్‌లైన్లో కొంటే సీసా చూపించే వీలు లేదు. అక్కడ మన బలం వాళ్ళు పెట్టిన వర్ణనే. కొలతలూ బరువూ ఉన్న పేజీని కొనే రోజే స్క్రీన్‌షాట్ తీసుకోండి. వచ్చింది ఆ వర్ణనకి భిన్నంగా ఉంటే, 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మినవాళ్ళు వాపసుకి నిరాకరించకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా తేల్చాలి.

షాపువాళ్ళు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యండి. స్టాండు ఖరీదు వరకే అయితే నా సలహా అక్కడితో ప్రయత్నించమనే. దెబ్బలు తగిలి ఆసుపత్రి ఖర్చయితే మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్ దాకా వెళ్ళండి. మీరు ఉంటున్న చోటే, లాయరు లేకుండానే వేయొచ్చు. సరుకుకి చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ళు దాటనివ్వకండి.

మర్నాడు నేనూ వాడితో షాపుకి వెళ్ళాను. సీసాని మళ్ళీ కౌంటరు మీద పెట్టి, "ఇదే కదండీ ఆ రోజు మీకు చూపించింది" అన్నాను. ఆయన సీసాని చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. లోపల్నుంచి రెండు పట్టీలు, రబ్బరు పొరా ఉన్న లోహపు స్టాండు తెచ్చి, తేడా డబ్బులు 120 తీసుకుని తనే బిగించాడు. బిల్లు మీద నేనడిగినట్టే రాశాడు: "1 లీటరు స్టీలు సీసాకు, బోల్టులు లేని సైకిలుకు." మా వాడు దాన్ని ఫోనులో ఫొటో తీసుకుని, సీసా నిండా నీళ్ళు పోయించుకుని, షాపు ముందున్న స్పీడ్ బ్రేకరు మీద నుంచి రెండుసార్లు తొక్కి చూసుకున్నాకే ఇంటికి బయల్దేరాడు.