మల్లెపొదకు కత్తిరింపు

మన పెరటి గుండుమల్లె గుబురుగా పెరిగియు వేసవిలో పూలు కొద్దిగానే యిచ్చుట చూచుచుందుము. కారణమేమి? మల్లె క్రొత్త చిగుళ్లకే మొగ్గ తొడుగును. పచ్చని కొమ్మలపై జాలిపడి కత్తిరింపు మానినయెడల ఆ చిగురు తగ్గిపోవును.

కావున నవంబరులో నీరు తగ్గింతము. డిసెంబరు, జనవరి నెలలలో ఎండుపుల్లలు తీసివేసి, తక్కిన కొమ్మలను నేలనుండి మూరెడు, అనగా సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున కత్తిరించి, మిగిలిన ఆకు దూసివేయుదము. పిమ్మట మొదలు త్రవ్వి, చివికిన పశువుల ఎరువు వేసి, నీరు పెట్టుదము. మొదట నీరు నిలువరాదు. ఎండ బాగుగా తగులవలెను. మార్చి మొదలు మొగ్గలు కనబడును.

యోహాను సువార్త 15వ అధ్యాయములో వ్యవసాయకుడు ఫలించు తీగెనే ఏల కత్తిరించునో మన పెరటి మల్లె మనకు తెలియజేయుచున్నది.