ఒక్క పూట బతికే పేర్లు

ఫోన్ నంబర్లు గుర్తుండవు కాబట్టి మనుషుల పేర్లతో సేవ్ చేసుకుంటాం. ఇంటర్నెట్‌లో ఆ పని చేసేది డొమైన్ పేరు. మనం పేరు కొడితే, దాని వెనక ఉన్న అంకెల అడ్రస్‌ని డీఎన్‌ఎస్ వెతికి ఇస్తుంది. ఒక పేరు కొనడానికి కొన్ని నిమిషాలు, కొన్ని వందల రూపాయలు చాలు.

దొంగలకి కలిసొచ్చింది ఈ చవకే. బ్యాంకు పేరులా కనిపించే పేరొకటి కొంటారు, నకిలీ పేజీ పెడతారు, వేలమందికి లింకు పంపుతారు. ఎవరో ఫిర్యాదు చేసి, అది బ్లాక్‌లిస్టుకి ఎక్కడానికి కొంత టైం పడుతుంది. వాళ్ల సంపాదనంతా ఆ సందులోనే. పేరు బ్లాక్ అయ్యేసరికి ఇంకో పేరుకి మారిపోతారు.

2008లో బయటపడ్డ కాన్‌ఫికర్ వర్మ్ దీన్ని ఏకంగా ఆల్గరిథమ్‌గా మార్చేసింది. అది ఆ రోజు తేదీని బట్టి రోజుకి 250 పేర్లు తయారుచేసుకుని, ఆర్డర్ల కోసం వాటి తలుపు తట్టేది. దాని యజమానులు అదే లెక్క వేసుకుని ఒక్క పేరు కొంటే చాలు. నిపుణులు ఆ లెక్క విప్పి, పేర్లన్నీ ముందే తీసేసుకోవడం మొదలుపెట్టారు. 2009లో వచ్చిన కొత్త వెర్షన్ రోజుకి 50,000 పేర్లు తయారుచేసి, వాటిలో 500 ఎంచుకుని ప్రయత్నించేది. దొంగకి ఒక్కటి దొరికితే చాలు, కాపలావాడు మాత్రం అన్నీ ఆపాలి. నాకు ఇందులో అన్నిటికంటే భయమేసింది ఈ తేడా చూసే.

అందుకే పేర్ల వెంట పరిగెత్తడం కంటే, అందరికీ దొరకని పేరు ఒకటి పెట్టడం మేలు. రిజర్వ్ బ్యాంకు చేసింది అదే. మన బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కి మారాలని చెప్పింది. ఆ పేర్లు ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ ఒక్కటే, అదీ బ్యాంకులకే.

మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, డొమైన్‌కి చివర వస్తుంది. హెచ్‌టీటీపీఎస్ పక్కన ఉండే రెండు గీతలు వదిలేసి, ఆ తర్వాత మళ్లీ గీత ఎక్కడ వస్తుందో చూడండి. దానికి సరిగ్గా ముందున్నదే ఇంటిపేరు. అంతకు ముందు బ్యాంకు పేరు ఎన్నిసార్లు ఉన్నా లెక్కలోకి రాదు. మా అమ్మానాన్నలకి నేను నేర్పింది ఈ ఒక్క ముక్కే. మీరూ ఇంట్లో చెప్పండి. డబ్బు పోతే మాత్రం ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి. ఎందుకంటే ఆ పేరు రేపటికి ఉండదు.