భూమి కంపించుట యెవరి పాపము?

భూమికి అచల యని మన పూర్వులు పేరిడిరి. 2024వ సంవత్సరము డిసెంబరు 4వ తేదీ ఉదయమున ములుగు ప్రాంతమున 5.3 పరిమాణముగల భూకంపము పుట్టి, కరీంనగరము మొదలుకొని హైదరాబాదు వఱకును ఇండ్లను కదల్చినప్పుడు, ఆ పేరు సార్థకము కాదని యందఱకును తెలిసినది. ఇట్టి సమయములందు ఎవరి పాపము పండెనోయని వగచువారును, శాంతికై ద్రవ్యము పోగుచేయువారును నేటికిని గలరు. వారి భయమును నిందించుటకంటె, భూమి చరిత్రమునే సాక్ష్యముగా గొని విచారించుట న్యాయమని మేము తలంచుచున్నాము.

మొదటి సాక్షి మన గుట్టలే. జమ్మికుంట చుట్టుపట్లనున్న బండరాయి సుమారు 250 కోట్ల సంవత్సరములకు పూర్వము భూగర్భమున ద్రవరూపమున నుండి, చల్లాఱి గట్టిపడినది. పైనున్న రాతిని ఎండయు వానయు అరుగదీయగా నది బయటపడినది. ఇప్పుడు దానినిసైతము ఆ యెండవానలే ఉల్లిపొరలవలె ఊడదీయుచున్నవి. ఆ పొడియే చెలకనేలయై మనకు పంట నిచ్చుచున్నది. కొండ నశింపనిదే చేను పుట్టదు.

రెండవ సాక్షి గోదావరి లోయ. సుమారు 30 కోట్ల సంవత్సరములకు పూర్వము అచ్చటి నేల పెద్ద పగుళ్ల నడుమ క్రుంగసాగినది. ఏఱులు తెచ్చిన యిసుకయు నొండ్రుమట్టియు ఆ పల్లమును నింపినవి. అందు కప్పబడిన చెట్టుచేమలే బొగ్గైనవి. రామగుండము, బెల్లంపల్లి గనులలో త్రవ్వుకొన్నది ఆ క్రుంగుబాటు మనకు విడిచిన ధనమే. అయితే ఆ పగుళ్లు నేటికిని పూర్తిగా అతుకుకొనలేదు. మన దేశమును మోయు భూఫలకము ఏటికి సుమారు 5 సెంటీమీటర్లు ఉత్తరమునకు జరుగుచు హిమాలయములవైపు ఒత్తుచున్నది. ఆ యొత్తిడి ప్రాతపగుళ్లయందు పేరుకొని యొక్కసారి విడివడుటయే భూకంపము. 1969వ సంవత్సరము ఏప్రిలు 13వ తేదీ భద్రాచలమును కదల్చినదియు ఈ లోయయే.

మూడవ సాక్ష్యము మిగుల దుఃఖకరము. 1993వ సంవత్సరము సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱక మునుపే మహారాష్ట్రమునందలి లాతూరు జిల్లాలో, కిల్లారి ప్రాంతమున, వేలకొలది జనులు మరణించిరి. నిద్రించుచున్న పసిబిడ్డలును వారిలో నుండిరి. ఆ శిశువులు చేసిన పాపమేమి? వారిని చంపినది దైవాగ్రహము కాదు. మట్టితో పేర్చిన బరువైన రాతిగోడలు.

కావున చదువరులారా, ప్రకృతిధర్మమునకు పక్షపాతము లేదు. అది కానుకలచే శాంతించునదియు కాదు. ఇల్లు కట్టించునప్పుడు గోడల మూలలను గట్టిగా బంధింపుడు. ద్వారబంధములపైని ఇనుపకడ్డీలతో కాంక్రీటు పట్టీ చుట్టును వేయింపుడు. శాంతికై వెచ్చింపదలచిన ద్రవ్యమును మీ యూరి బడిగోడలను బలపఱచుటకు వెచ్చింపుడు. నేల కదలకుండ చేయుట మన వశము కాదు. కదలినప్పుడు కప్పు బిడ్డలపై కూలకుండ చేయుట మన విధి.